అర్బాబ్ తుపాకీకి కొత్త కర్ర

గల్ఫ్‌లో, రుస్తాఖ్ అనే ఊళ్ళో మా వడ్రంగి షాపు యజమానిని అందరం అర్బాబ్ అనేవాళ్ళం. ముసలాయన. ఒకరోజు గుడ్డలో చుట్టిన కర్ర తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. తలుపులు, కిటికీలు తప్ప ఇంకోటి ఎరగని బల్ల అది. విప్పి చూస్తే తుపాకీ కర్ర, భుజానికి ఆనించుకునే భాగం. మెడ దగ్గర పగిలితే ఎవరో రాగితీగ చుట్టారు.

తుపాకీ ఆయన తండ్రిది. తండ్రిని ఆయన బాబా అంటాడు. చిన్న గుండ్లు చిమ్మే జోడు గొట్టాల వేట తుపాకీ, టాంజానియాలో ఉన్న రోజుల్లో కొన్నదట. ఇప్పుడు అక్కడే ఉంటున్న పెదనాన్న కొడుకు అడవిదున్నల వేటకు రమ్మని పిలిచాడు. ఆ గుండ్లు దున్నకు చక్కిలిగింత పెట్టడానికి కూడా చాలవు. అందుకని అర్బాబ్ పోలీసు అనుమతి కాగితాలన్నీ తీసుకుని, తుపాకుల మిస్త్రీ ఒకతనితో దాన్ని పెద్ద తూటా పేల్చే జోడు రైఫిల్‌గా మార్పించాలనుకున్నాడు. ముందు కర్ర కుదిరితే గొట్టాలు బయటి దేశం నుంచి తెప్పిస్తారట. కర్రా కొత్తదే, గొట్టాలూ కొత్తవే అయితే ఇక బాబాది మిగిలేదేమిటని అర్బాబ్‌కు బెంగ. చెంప ఆనిస్తే మాత్రం అచ్చం పాతదానిలాగే ఉండాలని నన్ను అడిగాడు.

నేను తుపాకీని పోలీసుల భుజాన తప్ప చూసి ఎరగను. అయినా కర్ర కర్రే కదా. నమూనా చేతిలో పెడితే చాలు, దేన్నయినా దించేస్తామని మా జగిత్యాల వైపు వడ్రంగులకు కాస్త పొగరు. ఆయన మంచి అక్రోటు చెక్క తెప్పించాడు. డ్యూటీ అయ్యాక కూర్చుని, వంపువంపుకూ అట్టముక్కలు కత్తిరించి ఆనించి చూసుకుంటూ నెలరోజులు చెక్కాను. ఫోన్‌లో చూపిస్తే మా ఆవిడ ఒకటే నవ్వు. "ఎవల్ని సంపతందుకు చేస్తున్నవ్ గది?" అంది.

పని అయ్యాక మిస్త్రీ వచ్చాడు. కర్రంతా చేత్తో నిమిరి, ఒకచోట ఆగి, ఫక్కున నవ్వాడు. చెంప ఆనేచోట బొటనవేలు పట్టేంత గుంట ఉంది. పాతదాంట్లో ఆ గుంట ఎవరూ చెక్కింది కాదు, బాబా గడ్డం ఏళ్ళ తరబడి రాసుకుని అరిగింది. నేనేమో అది పనితనం అనుకున్నాను. మక్కికి మక్కి అంటారే, అలా అరుగుదలను కూడా దించిపెట్టాను. గుంటలో చెంప పెట్టి పెద్ద తూటా పేలిస్తే ఆ అదురుకు దాని అంచు దవడను పగలగొడుతుందని, రైఫిల్‌కు ఇది పనికిరాదని మిస్త్రీ తేల్చేశాడు. తప్పు ఒప్పుకోవాలంటే నాకు ప్రాణం మీదికి వస్తుంది. బంగారంలాంటి చెక్కను నాశనం చేశానని సిగ్గుతో చచ్చిపోయాను.

అర్బాబ్ కర్ర అందుకుని భుజానికి ఆనించి, చెంప వాల్చి, కళ్ళు మూసుకున్నాడు. రంపం మిషన్ ఆపమని పక్కవాళ్ళకు సైగ చేశాను. కళ్ళు తెరవకుండానే పాతది ఇమ్మని చెయ్యి చాపాడు. మళ్ళీ కొత్తది అడిగాడు. తీగ ఆయన చేతికి తగలకుండా అలా రెండు మూడుసార్లు మార్చి ఇచ్చాక ఏది పాతదో చెప్పబోయి కొత్తదాన్నే పాతదన్నాడు. చెంప తియ్యకుండా అలాగే ఉండిపోయాడు. గడ్డం తడిసింది. అన్నేళ్ళు ఆయన దగ్గర పనిచేశాను గానీ, ఆయన మీద అంత ప్రేమ నాకు అప్పుడే పుట్టింది.

సాపుగా ఇంకోటి చెయ్యమని మిస్త్రీ నాకు కొలతలు చెప్పబోతుంటే అర్బాబ్ చెయ్యి అడ్డం పెట్టాడు. ఆయన హిందీలోనే అన్నాడు, నా చెవికి మాత్రం మా ఊరి మాటలా వినిపించింది.

"దున్నను కొట్టే తుపాకి అక్కడ మా అన్న ఇస్తడు. బాబా చెంప ఎవలిస్తరు? పాత గొట్టాలకే ఈ కర్ర ఎక్కియ్యిండ్రి."