అక్క ఆటోకు ఏరిన మూత

జనగామ శివారులో మా షెడ్డు పడమటి ముఖం. మధ్యాహ్నం దాటితే ఎండ లోపలికి వచ్చి, గాలిలో తేలే తెల్ల పొడి మీద నిలబడేది. ఆ వెలుగులో నేను సగం నిద్రలో ఉన్నట్టే పనిచేసేదాన్ని. చేతులు వాటంతటవే గాజు నార బట్ట పరిచేవి, రెసిన్ జిగురు పూసేవి, మళ్లీ బట్ట పరిచేవి. పొరలన్నీ గట్టిపడితే ఒక రేకు. కరెంటు ఆటోల్లో బ్యాటరీ మీద దాన్ని మూతగా బిగిస్తారు. ఇనుము కన్నా చాలా తేలిక. కింద బ్యాటరీ అంటుకుంటే, పైన కూర్చున్నవాళ్లు దిగి పరుగెత్తేదాకా అది మంటను ఆపాలి. మా పని అంతా ఆ కొద్ది నిమిషాల కోసమే.

మంటను ఆపేది రెసిన్ కాదు, అందులో కలిపే తెల్ల పొడి. రెసిన్ డ్రమ్ము ఒక పూట కదలకుండా ఉంటే పొడి అడుగుకు దిగిపోతుంది. అందుకే పొద్దున రాగానే అడుగు నుంచి కలిపి, ఆ తర్వాతే ముంచుకోవాలి. కొత్తగా వచ్చినవాళ్లందరికీ ఈ సంగతి చెప్పేది నేనే.

మా అక్కది పెద్దవంగర. కూలికి ఇక పోనని పట్టుబట్టి కరెంటు ఆటో కొన్నది. మిరప ఏరే ఆడవాళ్లను చేలకు చేర్చి, సాయంత్రం ఇళ్లకు దింపుతుంది. ఆటోతో వచ్చిన ఇనుప మూత తుప్పు పడితే, కొత్తది నేను చేసిస్తానన్నాను. ఒక సోమవారం, అక్క ఎర్రటి చేల మధ్య ఆటో నడుపుతున్నట్టు ఊహించుకుంటూ, డ్రమ్ము కలపకుండానే పైనుంచి ముంచుకున్నాను. ఐదు రేకులు చేసి అన్నానికి లేచాను. తర్వాత మా మేస్త్రి వచ్చి, అలవాటు ప్రకారం డ్రమ్ము కలిపి మిగతావి చేశాడు. పరీక్షకు ముక్క ఎప్పుడూ ఆఖరి రేకు నుంచే కోస్తాం. అది మంటకు తట్టుకుంది.

నా ఐదూ మెరుస్తున్నాయి. ఎండకు పట్టుకుంటే వెలుగు తేనె రంగులో దిగింది. మేస్త్రివి సున్నం కొట్టిన గోడల్లా మొద్దుగా ఉన్నాయి. అన్నిటిలోకీ తేటదాన్ని, తేలికదాన్ని అక్కకు ఏరి, ఆటోకు బిగించి వచ్చాను. ఆ తేటదనం ఏమిటో నాకు తెలిసి ఉండాలి. కానీ చూడటానికి అంత బాగున్నదాన్ని అనుమానించబుద్ధి కాలేదు. అంచు కోయగా మిగిలిన ముక్కను కిటికీలో పెట్టుకుని రోజూ చూసుకున్నాను.

రెండు వారాల తర్వాత, కొత్తగా చేరిన ఒకామెకు పరీక్ష ఎలా చేస్తామో చూపించాల్సి వచ్చింది. ముక్క కింద గ్యాస్ మంట పెట్టి, పైన చేతి వెనకభాగం ఆనించి లెక్కపెట్టాలి. చేతికి దగ్గరగా ఉన్నది కిటికీలోని ముక్కే. ఇరవై కూడా లెక్కపెట్టలేదు, చెయ్యి చురుక్కుమంది. ముక్క అంటుకుని నల్లటి పొగ చిమ్మింది. ఆ పొగ వంక చూస్తూ నిలబడ్డాను. కాసేపటికి గాని ఆ సోమవారం డ్రమ్ము కలపలేదన్న సంగతి గుర్తు రాలేదు.

అక్కకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఆటో నడిపేటప్పుడు ఎత్తదు. మొద్దు రేకు ఒకటి గోనెసంచిలో చుట్టుకుని బస్సెక్కాను. కిటికీ బయట చెరువులు, ఎండబెట్టిన మిరపకాయలు మెల్లగా వెనక్కి పోతున్నాయి. నాకు భయం వేస్తే అంతే, లోకమంతా నెమ్మదిస్తుంది, చప్పుళ్లు వినిపించవు.

పెద్దవంగరలో దిగి నిలబడితే, అక్క ఆటో చప్పుడు లేకుండా వచ్చి నా పక్కన ఆగింది. వెనక నలుగురు ఆడవాళ్లు.

“ఏందే, చెప్పకుంట వచ్చినవు? సంచిల ఏమున్నది?” అంది అక్క.

“అందర్ని దింపు అక్కా. ముందుగాల దింపు.”

దింపింది. మూత విప్పుతూ జరిగిందంతా చెప్పాను. ఏడుపు ఆగలేదు. “మంచిగున్నదని నీకే ఏరిన అక్కా,” అన్నాను.

కొత్త మూత అక్కే బిగించింది. తర్వాత బొబ్బలెక్కిన నా చెయ్యి పట్టుకుని చూసింది. విప్పిన మూతను ఎండకు ఎత్తి చూసింది.

“సక్కగనే ఉన్నది,” అంది. “గిసొంటియి ఇంకెన్ని చేసినవు?”

“నాలుగు.”

“గవి ఎవలకు పోయినయి?”

భూపాలపల్లికి పోయాయి, బొగ్గు గని క్వార్టర్ల దగ్గర తిరిగే ఆటోలకు. ఆ మాట నోటితో చెప్పేదాకా ఆ నాలుగూ నాకు తట్టనే లేదు. జనగామలో బస్సెక్కినప్పటి నుంచీ నా కళ్ల ముందు ఒక్క ఆటోయే ఉంది. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

అక్క నా ఫోన్ తీసి నా చేతిలో పెట్టింది. “మీ సేటుకు చెయ్యి. ఆ ఆటోలు జర కదలకుంట ఆపమను. నేను వీళ్లను ఇండ్లకాడ దింపొచ్చి నిన్ను బస్సెక్కిస్త.”

మా షెడ్డు సేటు ఎత్తాడు. తప్పు నాదేనని, ఆ నాలుగు ఆటోలు ఆపించమని చెప్పాను. మూతలు అమ్మిన దుకాణంలో కనుక్కుంటానని అన్నాడు.

“ఎవరెవరికి బిగించారో ఏమన్న తెలుసా?” అన్నాడు.

నాకు అక్క పేరు ఒక్కటే తెలుసు.