సత్యక్క వెనకాల జనం

సత్యకుమారికి యాభై ఏళ్లు వచ్చేదాకా ఆమె గొంతు విన్నవాళ్లు రెండే రకాలు: చేపలు కొన్నవాళ్లు, బేరమాడి కొనకుండా పోయినవాళ్లు. తెల్లారకముందే రేవుకెళ్లి వేలంలో చేపలు పాడుకునేది. తట్ట నెత్తినెట్టుకుని కాలవగట్టు వెంబడి నాలుగూళ్లు తిరిగేది. పొద్దు నెత్తిమీదకొచ్చేసరికి పల్లిపాలెంలో ఇల్లు చేరేది. పెద్ద రైతుల ఇళ్లకు వీధి గుమ్మం ఎలా ఉంటుందో ఆమెకు సరిగ్గా తెలియదు. నీసు తట్టతో ముందునించి రావద్దని ఎవరూ పనిగట్టుకుని చెప్పలేదు. వాళ్లమ్మ పెరటివైపు నించి వెళ్లేది, ఈమె కూడా అటే వెళ్లింది.

కరోనా వచ్చి ఊళ్లు తిరగడం ఆగిపోయిన రోజుల్లో, కోడలు హారతి ఇంట్లో కూర్చోలేక ఫోను పట్టుకుంది. ఇంటర్ చదివిన పిల్ల. అత్త మట్టిదాకలో నెత్తళ్ల పులుసు పెడుతుంటే చప్పుడు చెయ్యకుండా తీసింది. ఆ సంగతి తెలియని సత్యకుమారి చింతపండు పిసుకుతూ, మంచమ్మీద వల బాగుచేసుకుంటున్న మొగుడు బుల్లియ్యను నోటికొచ్చినట్టు దులిపేస్తూనే ఉంది. పులుసు సంగతేమోగాని, ఆ దులపడం జనానికి తెగ నచ్చేసింది. హారతి ‘సత్యక్క పులుసు’ అని చానల్ పెట్టింది. నాలుగేళ్లు తిరిగేసరికి ఎనిమిది లక్షలమంది చేరారు.

ఎనిమిది లక్షలంటే ఎంతో సత్యకుమారికి ఊహకందేది కాదు. “అంతర్వేది తీర్థానికి వచ్చే జనమంత ఉంటారా?” అని అడిగింది. “అంతకంటే ఎక్కువే అత్తయ్యా” అంది హారతి.

మొదట్లో బాగానే ఉండేది. బస్సులో లేచి సీటిచ్చేవారు. అమలాపురంలో చీరల కొట్టు తెరుస్తూ ఆమెచేత దీపం వెలిగించారు. అన్నిటికన్నా పెద్ద విషయం, రొయ్యల చెరువుల ప్రసన్నకుమార్ గారింటికి పిలుపొచ్చింది. ఇరవై ఏళ్లు పెరట్లో నిలబడి చేపలు తూచిన ఇల్లది. ఆయన భార్య వీధి గుమ్మంలోకి ఎదురొచ్చి, “రండి సత్యకుమారి గారూ, కూర్చోండి” అని సోఫా చూపించి, పక్కన చేరి ఫొటోలు తీయించుకుంది. ఆ ‘గారు’ చెవిలో పడగానే సత్యకుమారికి ఒళ్లు ఝల్లుమంది. ఇంటికొచ్చి మొగుడికి రెండుసార్లు చెప్పింది.

“ఫొటోకి పిలిచారు సరే, భోజనానికి పిలిచారా?” అన్నాడు బుల్లియ్య, వల మీంచి తల ఎత్తకుండానే.

ఆ ప్రసన్నకుమార్ గారే అంతకు ముందేడు పల్లిపాలేనికి ఆనుకుని కొత్త చెరువు తవ్వించారు. రొయ్యలకోసం అందులోకి ఉప్పునీళ్లు తోడారు. ఆ ఉప్పు భూమిలోకి దిగి పాలెం బోరులోకి వచ్చింది. అన్నం పచ్చగా ఉడికేది. పిల్లల ఒళ్లంతా పొక్కులు. హారతి రెండేళ్ల కూతురు రాత్రీ పగలూ గోక్కుంటూ ఏడ్చేది. ఒకరోజు పాలెం ఆడవాళ్లు పదిమంది కలిసి సత్యకుమారి గుమ్మంలోకి వచ్చారు.

“మేమడిగితే ఎవరు వింటారొదినా? నీ వెనకాల అంత జనం ఉన్నారు. నువ్వడిగితే కాదంటారా?”

ఆ మాట ఆమెకు నిజంగానే తోచింది. ఈసారి ఎవరూ పిలవకుండానే ప్రసన్నకుమార్ గారి వీధి గుమ్మం ఎక్కింది. ఆయన టీ ఇప్పించారు. అంతా విన్నారు. “మీలాంటి పేరున్న మనిషే ఇలా అంటే ఎలాగండీ? మా ఇంట్లో రోజూ మీ వీడియోలే చూస్తాం. చూద్దాం, కనుక్కుంటాను” అన్నారు. నెల గడిచింది. చెరువు పక్కన ఇంకో చెరువు తవ్వారు.

హారతి బోరు నీళ్లు గ్లాసులో పట్టి వీడియో తీసింది. పులుసులు చూసిన జనంలో పదోవంతు కూడా దాన్ని చూడలేదు. చూసినవాళ్లు రాసినవి హారతి చదివి వినిపించింది. “ఈ గొడవలు నీకెందుకక్కా, గుడ్డుపీతల ఇగురు పెట్టు.” “ఇలా నీళ్లు చూపిస్తే ఎవరు చూస్తారు, బావని తిట్టక్కా.” సత్యకుమారి వింటూ కూర్చుంది. ఇంతమందిలో ఒక్కడైనా ఆ నీళ్లు ఎలా ఉంటాయని అడగలేదు.

ఇక మిగిలింది మండలాఫీసు. అర్జీ రాయించుకుని కోడల్ని తీసుకుని వెళ్లింది. కిటికీ ముందు చాంతాడంత లైను ఉంది. ఆమెను చూడగానే జనంలో కలకలం రేగింది. “సత్యక్క! సత్యక్క వచ్చింది!” అంటూ ఇద్దరు ముగ్గురు పక్కకు తప్పుకున్నారు. “నువ్వు ముందుకెళ్లక్కా” అన్నారు. ఆమె వెళ్లింది. పింఛను కాగితం పట్టుకుని పొద్దుటినించీ నిలబడ్డ గంగరాజు అనే ముసలాయన కిటికీలో అప్పుడే పెట్టిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆమె చూసింది. చూసి కూడా తన కాగితం లోపలికి తోసింది.

లోపల కంప్యూటర్ ముందు లావణ్య అనే అమ్మాయి ఉంది. పాతికేళ్లుంటాయి. అవుట్‌సోర్సింగ్ ఉద్యోగం.

“లైనులో రండి, అమ్మా” అంది.

“సత్యక్కండీ ఆవిడ!” అన్నారెవరో వెనకనించి.

“ఎవరైనా సరేనండి. ఆ తాతగారు పొద్దుటినించీ నిలబడ్డారు. ఫోన్లో ఎంతమంది చూసినా ఇక్కడ లైను లైనే.” తర్వాత కాగితం వంక చూసి గొంతు తగ్గించింది. “చెరువుల అర్జీలు ఇక్కడ తీసుకోవద్దన్నారండి సారు. సోమవారం రండి, పెద్దాఫీసరు గారు వస్తారు. ఆయన చేతికే ఇవ్వండి.”

మాట సాయమే చేసింది ఆ పిల్ల. కాని అంతమందిలో వెనక్కి వెళ్లమనడంతో సత్యకుమారి మొహంలోకి నెత్తురు ఎగదన్నింది. పెరటి గుమ్మం గుర్తొచ్చిందో ఏమో. “నీళ్లు తాగి మా పిల్లలు చస్తుంటే సోమవారం రమ్మంటావా?” అని అరిచింది. లావణ్య కూడా విసిగిపోయి, “అరిస్తే అర్జీ తీసుకోనండి, పక్కకు జరగండి!” అంది.

హారతి ఇదంతా మొదటినించీ ఫోన్లో వీడియో తీస్తూనే ఉంది.

ఇంటికొచ్చాక అత్తాకోడళ్లు మంచమ్మీద కూర్చుని చూసుకున్నారు. “మొత్తం పెట్టనా అత్తయ్యా?” అని అడిగింది హారతి.

సత్యకుమారి ఇంకోసారి మొదటినించీ వేయించుకుని చూసింది. “లైను గోల ఎందుకులే. ఆఖరి ముక్క పెట్టు” అంది.

మర్నాటికి ముప్పై లక్షలమంది చూశారు. ‘నీళ్లడిగిన పేద మత్స్యకార మహిళను గెంటేసిన ఉద్యోగిని’ అని వేరేవాళ్లు కూడా ఎత్తి పెట్టుకున్నారు. లావణ్య పేరు, ఊరు, వాళ్ల వీధి బయటికొచ్చాయి. పెళ్లిచూపులకు తీయించుకున్న ఫొటో ఎక్కడినించి సంపాదించారో, దానికింద రాసిన మాటలు హారతి అత్తకు చదివి వినిపించలేకపోయింది. “ఏం రాశారే?” అంటే, “నీవైపే ఉన్నారత్తయ్యా అందరూ” అని మాత్రం చెప్పింది. సత్యకుమారికి ఆ రోజంతా కడుపు నిండినట్టుగా ఉంది. తన జనం లేచారు అనుకుంది.

మూడోరోజు లావణ్యను ఉద్యోగంలోంచి తీసేశారు. అర్జీలు తీసుకోవద్దని చెప్పిన సారు టీవీలో కనబడి, ప్రజలతో దురుసుగా ప్రవర్తిస్తే సహించేది లేదన్నారు. చెరువు మాట ఆయనా ఎత్తలేదు, అడిగినవాళ్లూ ఎత్తలేదు. ముప్పై లక్షలమందిలో ఒక్కరు కూడా చెరువు ఎవరిదని అడగలేదు.

పదిరోజులకు సత్యకుమారికి కంటిమీద కునుకు పట్టడం మానేసింది. గంగరాజు వెనక్కి తీసుకున్న చెయ్యి కళ్లముందు ఆడేది. ఒక ఉదయం హారతిని వెంటబెట్టుకుని లావణ్య ఇల్లు వెతుక్కుంటూ వెళ్లింది. రెండు గదుల ఇల్లు. తల్లి కూలికి వెళ్లింది. లావణ్య తలుపు సగమే తీసింది.

“తల్లీ, నిన్ను ఉద్యోగంలోంచి తీయిస్తారనుకోలేదమ్మా.”

“ఏమనుకున్నారండి మరి?”

సత్యకుమారి హారతి వైపు చూసింది.

“మా అమ్మ ఊడుపులకెళ్లి చదివించిందండి నన్ను. మిమ్మల్ని మా ఇంట్లో అందరం చూసేవాళ్లం. మనలాంటి ఆవిడ పైకొచ్చిందని మా అమ్మ తెగ సంబరపడేది.” ఆ అమ్మాయి ఏడవలేదు. “సారు మీద మీవల్ల కాలేదు, ప్రసన్నకుమార్ గారి మీద కాలేదు. నేను దొరికాను. నా వైపు ఏం జరిగిందో చెబుదామంటే నన్నెవరు చూస్తారండి?”

“ఇప్పుడే తీయించేస్తానమ్మా ఆ వీడియో.”

“తీయండి” అంది లావణ్య. తలుపు మూసుకుంది.

తీయించింది. అప్పటికే వందమంది దాచుకున్నారు. తరువాత తానే ఫోను ముందు కూర్చుని, తప్పు తనదేనని, లైను దాటింది తానేనని, ఆ పిల్ల మంచే చెప్పిందని ఉన్నదున్నట్టు చెప్పింది. జనం చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. “ఎంత మంచి మనసక్కా నీది.” “ఇంత జరిగినా ఆ పొగరుదాన్ని క్షమించావు, నువ్వు దేవతవి.” ఆమెకు ఇంకో నలభై వేలమంది పెరిగారు. లావణ్యను మాత్రం ఎవరూ తిరిగి పిలవలేదు.

“నా మాట ఎవరూ వినలేదేంటయ్యా?” అంది సత్యకుమారి మొగుడితో.

“విన్నారుగా. వాళ్లకు కావల్సింది విన్నారు” అన్నాడు బుల్లియ్య.

ఆ గొడవంతా సద్దుమణిగాక ఒక పొద్దున్న ప్రసన్నకుమార్ గారి ఆటో పాలెంలోకి వచ్చి, సత్యకుమారి గుమ్మం ముందు మంచినీళ్ల టిన్నులు రెండు దింపింది. “రోజూ వేయమన్నారండి. మీకొక్కరికే” అన్నాడు డ్రైవరు. ఆమె వెనక్కి తీసుకెళ్లమని నోరు తెరిచింది. లోపల మనవరాలు గోక్కుంటూ ఏడుస్తోంది. హారతి అత్త మొహంలోకి చూడకుండా ఒక టిన్ను లోపలికి ఈడ్చుకుపోయింది. రెండోది సత్యకుమారే ఎత్తుకుంది.

ఆమె గుమ్మంలోకి పదిమంది కలిసి వచ్చిన ఆడవాళ్లు ఇప్పుడు బిందెలు చంకనెట్టుకుని మైలున్నర దూరంలోని కుళాయికి వెళుతూ, ఆ ఇంటి ముందుకు రాగానే మాటలు ఆపేస్తారు. మొదటివారంలో సత్యకుమారి ఆ టిన్ను నీళ్లు రెండు చెంబులు ఇవ్వబోతే, “వద్దులే వదినా, నీకొక్కదానికే వేశారంటగా” అందొకామె. తర్వాత సత్యకుమారి ఇవ్వబోనూ లేదు. చానల్ నడుస్తూనే ఉంది. అందులో పులుసులన్నీ టిన్ను నీళ్లతోనే కాగుతున్నాయి.

మొన్న చవితి ముందు, సత్యకుమారి రోడ్డు మీద బస్సుకోసం నిలబడి ఉంటే రొయ్యల ఫ్యాక్టరీ వ్యాను వచ్చి ఆగింది. రొయ్యలు ఒలిచే ఆడపిల్లలు కిక్కిరిసి ఉన్నారు. “సత్యక్కా! సత్యక్కా, ఇటు చూడు!” అంటూ కిటికీల్లోంచి ఫోన్లు బయటపెట్టారు. ఆమె అలవాటుగా నవ్వి చెయ్యెత్తింది. వెనక కిటికీ దగ్గర కూర్చున్న పిల్ల ఒక్కతే చున్నీ మొహమ్మీదకు లాక్కుని అటు తిరిగింది. ఒలిచి ఒలిచి నానిపోయిన వేళ్లు. మొహం కప్పుకునేలోపే సత్యకుమారి లావణ్యను గుర్తుపట్టింది.

వ్యాను కదిలింది. పిల్లలు ఇంకా కేకలు వేస్తూనే ఉన్నారు.