బట్ట చుట్టుకోని మగ్గం

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా అమ్మ వాడకట్టంతా చెబుతుంది. అబద్ధమేమీ కాదు. కరోనా రెండోసారి వచ్చిపోయిన ఆ ఏడాది, మీ బాపు చేతులు ఇక మగ్గానికి పనికిరావట కదా అని ఎవరైనా జాలిపడితే చాలు, మాస్కు వెనక పళ్లు నూరుకునేదాన్ని.

బాపు ఆసుపత్రి నుంచి ప్రాణాలతో తిరిగొచ్చాడు, అదే పదివేలు అనుకున్నాం. కానీ వేళ్లలో పట్టు పోయింది. చాయ్ గ్లాసు కూడా రెండు చేతులతో పట్టుకోవలసి వచ్చేది. మరమగ్గాల షెడ్డును సూరత్‌లో ఖాతా అంటారు. సిరిసిల్ల వైపు నుంచి మీసాలు రాని వయసులో వచ్చి, బమ్రోలిలోని ఆ ఖాతాలోనే నడివయసు దాకా నిలబడ్డ మనిషి. నడుస్తున్న మగ్గం మీద పోగు తెగితే ఒంటిచేత్తో ముడివేసేవాడు. ఆ పనిలో ఆయన్ను మించినవాడు లేడని తోటివాళ్లు మా ఇంటికొచ్చి చెబుతుంటే నేను చిన్నప్పటి నుంచీ విని పొంగిపోయినదాన్నే.

మూతపడ్డ మగ్గాలు మళ్లీ మొదలయ్యాక ఖాతా మాస్టర్ కబురు పంపాడు. దీపావళిలోపు వచ్చి పోగు ముడివేసి చూపిస్తే పాత పని పాత పనే. లేకపోతే గేటు దగ్గర కుర్చీ వేయిస్తాడట, వచ్చేపోయే బండ్లను చూసుకోవచ్చట. మంచి మనసుతోనే అన్నాడు పాపం. కానీ ఆ కుర్చీ మాట విన్న పూట బాపు అన్నం ముట్టలేదు.

వేళ్లకు పని చెప్పమని డాక్టరు ఒక రబ్బరు బంతి ఇచ్చాడు. బాపు దాన్ని కిటికీలో పెట్టి మళ్లీ ముట్టుకుంటే ఒట్టు. "నేనేమన్న చిన్న పోరగాన్నా, చెండు పిసుక్కుంట కూసుండెతందుకు?" అన్నాడు. మొండివాడు రాజుకన్నా బలవంతుడని ఊరికే అనలేదు.

నేను అప్పుడు కాలేజీలో చదువుతూ గోడాదరాలోని మా గదిలోనే పిల్లలకు ట్యూషన్ చెప్పేదాన్ని. ఒకరోజు ఒక పాప చేతిలో పట్టుకుని ఆడే గేము తెచ్చుకుని, దాన్ని మా ఇంట్లోనే మరిచిపోయి వెళ్లింది. నేను పొయ్యి దగ్గర నుంచి వచ్చేసరికి అది బాపు చేతుల్లో ఉంది. ఆన్ చేయలేదు. ఊరికే బటన్ల మీద బొటనవేళ్లు ఆడిస్తున్నాడు. బంతిని చూసినట్టు చూడలేదు దాన్ని, మిషన్‌ను చూసినట్టు చూశాడు. నేను ఫోను కోసం దాచుకున్నదంతా ఆ క్షణమే గేముకు రాసిచ్చేశాను.

అమ్మ చీరలకు లేసు కుడుతూ తల కూడా ఎత్తకుండా నన్ను దులిపేసింది. రోగం నుంచి లేచినోనికి బొమ్మ కొనియ్యడం ఏ ఊళ్లో చూశావని అడిగింది. సూరత్‌లో చూస్తావులే అని, బాపును వెంటబెట్టుకుని మెయిన్ రోడ్డు మీది దుకాణానికి బయలుదేరాను.

ఇక్కడొక సంగతి చెప్పాలి. మగ్గాల మోతకు బాపు చెవులు ఎప్పుడో సగం పోయాయి. ఖాతాలో ఎవరూ గొంతు పెట్టి మాట్లాడరు, పెదవులూ చేతులూ కదిపి చెప్పుకుంటారు. బాపు ఇంట్లోనూ మా పెదవులు చూసే మాట పట్టుకునేవాడు. ఊరంతా మాస్కులు కట్టుకున్నాక బయట ఆయనకు ఒక్క మాటా అందడం లేదు. దుకాణంలో అబ్బాయి మాస్కులోంచి ఏదో చెబుతున్నాడు, బాపు గేములనే చూస్తున్నాడు.

ముందు పెద్ద అద్దమున్నది, వేలితో తాకితే నడిచేది చూపించాడు. ధగధగలాడిపోతోంది. బాపు ఒకసారి రాసి పక్కన పెట్టేశాడు. తర్వాత బటన్లవి వచ్చాయి. బాపు ఒక్కొక్కటే చేతిలోకి తీసుకుని, కళ్లు మూసుకుని నొక్కడం మొదలుపెట్టాడు. ముందు బొమ్మ బాగా కనబడుతుందో లేదో చూడమని నేను ఆయన భుజం తట్టి సైగ చేశాను. తాతకు దగ్గులు నేర్పినట్టే. ఒకదానికి ఎడమ బటన్ లోపలికి పోయి ఆలస్యంగా తిరిగొస్తోందని చూపించి వెనక్కి ఇచ్చాడు. ఇంకొకటి మరీ మెత్తన. చివరికి, కాస్త బరువుగా, చూడ్డానికి మోటుగా ఉన్న బూడిదరంగుది ఒళ్లో పెట్టుకున్నాడు. నొక్కిన ప్రతిసారీ వేలి కింద టక్కుమని తెలుస్తోందట.

తమ్ముడికా అని ఆ అబ్బాయి హిందీలో అడిగాడు. మా నాన్నకు అన్నాను, దుకాణంలో ఉన్నవాళ్లంతా తిరిగి చూసేంత గట్టిగా. చూడనీ అనుకున్నాను. నాకు గర్వంగానే ఉంది.

ఆటలు లోపలే ఉన్నాయి గానీ ఆడినది దాచుకోవాలంటే మెమరీ కార్డు విడిగా కొనాలని అతను చెప్పాడు. నేను మాస్కు కిందికి లాగి బాపుకు చెప్పాను. ఆయనకు నవ్వొచ్చింది. "ఆడింది దాసుకునుడేందే? ఆడినంక అయిపాయె గద," అన్నాడు. కార్డు లేకుండానే ఇంటికొచ్చాం.

ఒక చిన్న మనిషి గోడలు దూకుతూ గుంతలు దాటుతూ ఒక్కో కోటా గెలుచుకుంటూ పోయే ఆట అది. మొదట గుంత గుంతకూ పడ్డాడు. బాపు బొటనవేలు చెప్పిన మాట వినలేదు. సాయంత్రానికి ఎలాగో మూడో కోట దాకా నడిపించి, గేము ఆపి, దానిమీద గుడ్డ కప్పి పడుకున్నాడు. తెల్లారి తీస్తే ఆ మనిషి మళ్లీ మొదటి గుంత ముందు నిలబడి ఉన్నాడు.

"నిన్న నేసిన బట్ట ఏదే, బిడ్డా?"

నాకు ముందు అర్థం కాలేదు. మగ్గం ఆగినా, కరెంటు పోయినా, నేసినంత బట్ట రోలర్‌కు చుట్టుకునే ఉంటుంది. మర్నాడు అక్కడి నుంచే నేస్తారు. నిన్నటి పని రాత్రికి రాత్రి విప్పేసుకునే మిషన్‌ను ఆయన బతుకులో చూడలేదు. గేమును తిప్పి తిప్పి చూస్తూ, రోలర్ లేకుండ మగ్గం ఎట్ల అమ్మిండు వాడు అని మండిపడ్డాడు. నా కోపం ఎవరి సొత్తో ఆ పొద్దున తేలిపోయింది.

మళ్లీ దుకాణం. ఈసారి బాపుదే బేరం. బోలెడన్ని ఆటలు పట్టే పెద్ద కార్డు, పేరు ఊరు లేనిది, చవకగా ఇస్తానని అబ్బాయి ఊరించాడు. బాపు అడిగింది ఒక్కటే: కరెంటు పోతే ఉంటుందా, ఉండదా. నేను హిందీలో అడిగితే అతను నసిగాడు. దాంతో నమ్మకమైన కంపెనీది, అన్నిటికన్నా చిన్నది తీయమన్నాడు బాపు. "రోలర్ చిన్నగున్నా మంచిదే. చుట్టుకున్నది జారిపోవద్దు," అన్నాడు.

ఇక రోజూ ఆటే. ఆపేముందు సేవ్ చేయమని నేను గది అవతలి నుంచి అరిచేదాన్ని. ఆ మాట ఆయనకు వినిపిస్తే కదా. నా పెదవుల మీద సేవ్ కనిపిస్తే, సూరత్ వాళ్లు దేనిమీదైనా చల్లుకునే ఆ శనగపిండి సేవ్ అనుకుని, ఆకలవుతోంది కాబోలు దానికి కారప్పూస పెట్టు అని అమ్మకు చెప్పేవాడు. అమ్మ గిన్నె తెచ్చేది. ముగ్గురం తినేవాళ్లం, గేము నిండా నూనె. చివరికి ఖాతా పద్ధతే పట్టాం. చూపుడువేలి మీద బొటనవేలు పెట్టి నొక్కి చూపిస్తే సేవ్ చెయ్యమని. ఆయనా అలాగే నొక్కి చూపిస్తే చేశానని.

వానలు వెళ్లిపోయేసరికి చొక్కా గుండీలు తనే పెట్టుకుంటున్నాడు.  అమ్మ లేసు కుట్టగా మిగిలిన దారం ముక్కలు చెత్తలో వేయకుండా ఆయన ముందు పడేయడం మొదలుపెట్టింది. ఒక కోట గెలిచాక కాసిని ముళ్లు, మళ్లీ ఒక కోట. ఆ మాటా ఈ మాటా కలిసి మా ఇంట్లో ఎన్నడూ లేనంత నవ్వు వినిపించింది.

దీపావళి ముందు ఖాతాకు నేనూ వెళ్లాను. ఆడపిల్లవు లోపలెందుకు అన్నాడు వాచ్‌మన్. నేను గుమ్మంలోనే నిలబడ్డాను. మాస్టర్ నడుస్తున్న మగ్గం ఆపి పోగొకటి తెంపాడు. మోతలో నా గుండె చప్పుడు నాకే వినిపించలేదు. బాపు చెయ్యి చాపాడు. మొదటిసారి పోగు వేళ్లలోంచి జారింది. పక్క మగ్గాల వాళ్లు చూపు తిప్పుకున్నారు. ఆ తిప్పుకోవడం చూసి నాకు వాళ్లందరినీ తిట్టాలనిపించింది. బాపు తొందరపడలేదు. కళ్లు మూసుకున్నాడు, దుకాణంలో బటన్లు నొక్కినప్పటిలా. ఒక్క చెయ్యే కదిలింది.

మగ్గం మళ్లీ నడిచింది. పోగు తెగలేదు. బట్ట మెల్లగా రోలర్‌కు చుట్టుకుంటోంది. బాపు మాస్టర్ వైపు చూడలేదు. గుమ్మం వైపు తిరిగి, నాకు కనిపించేలా చెయ్యి ఎత్తి, చూపుడువేలి మీద బొటనవేలు పెట్టి నొక్కాడు.