గోడ మీద గీసిన రంపపు మూతి చేప

బూర్గంపాడు దగ్గరి ఒక ఊరి బడిలో నేను సైన్సు పంతులుగా చేరిన రెండో ఏడు అది. గుంటూరు వైపు నుంచి వచ్చినవాణ్ణి, గోదావరి సంగతి నాకేం తెలుసు? తెలియదని ఒప్పుకునే బుద్ధి కూడా లేదు.

రాక్షసబల్లుల కాలంలో బతికి అంతరించిపోయిన ఒక పెద్ద చేప గురించి ఆ ఏడు చదివాను. మూతి పొడవాటి రంపం, ఆ రంపం పళ్ల కొసలకు కొక్కేలు. నదుల్లోనూ తిరిగేదట. దాన్ని అసలు కొలతలో పిల్లలకు చూపించి తీరాలనుకున్నాను. వేసవి సెలవుల్లో బడి వెనక గోడకు రెండు పూతలు సున్నం కొట్టి, టేపు పట్టి, నల్లరంగుతో గీశాను. గోడ మీద మోకాలెత్తున ఒక ఎర్రమన్ను గీత ఉండేది. మరక అనుకుని దాని మీదా సున్నం కొట్టాను.

అది వరద గీత. నీళ్లు దాన్ని తాకాయంటే కాసేపట్లో వాగు ఎగదన్ని, మెట్టకు పోయే దారి మూసుకుపోతుంది. అంతలోపే ఊరు ఖాళీ చేయాలి. నేను సున్నం కొడుతుంటే ఊరంతా చూసింది, ఒక్కరూ నోరెత్తలేదు. సారు చేసే పనికి అడ్డు చెప్పడం వాళ్లకు మర్యాద కాదు.

గోడకెదురు గుడిసెలో ఒక అవ్వ, మంచం పట్టిన ఆమె భర్త ఉండేవారు. నీళ్లు గీత దగ్గరికి వస్తుండగానే ఆమె నలుగురిని పిలిచి మంచం ఎత్తించేది. ఆ శ్రావణంలో వరద వచ్చింది. మిగతావాళ్లు, వాళ్లతో నేనూ, తోచినప్పుడు లేచి వెళ్లాం. ఆమె గోడ వైపు చూస్తూ ఆగింది. నీళ్లు చేప పొట్టదాకా వచ్చాక పిలిస్తే పలికేవాళ్లు లేరు, దారీ లేదు. పడవ వచ్చేసరికి మధ్యాహ్నమైంది. అప్పటిదాకా ముసలాయన నీళ్లలోనే ఉన్నాడు. జ్వరం పట్టుకుని భద్రాచలం దవాఖానాలో ఐదో రోజు పోయాడు.

తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. దినం అయ్యాక డబ్బాలో ఎర్రమన్ను కలుపుకుని బడికి వచ్చింది.

"సారూ, గీత జర మళ్ల గియ్యుండ్రి. వచ్చే యేడు గూడ నీళ్లొస్తయి గదా."

"ఎక్కడుండేదమ్మా?"

"నాకేం ఎరుక? ఆడ ఇప్పుడు చేపనే ఉన్నది. తుడిచింది మీరే గద, మీకు యాదికుంటది."

ఊళ్లో అడిగితే తలా ఒక చోటు చూపించారు. గోడ ముందు మోకాళ్ల మీద కూర్చుని, వేలు చేప పొట్ట కింద పెట్టాను. నాలుగు వేళ్లు కిందికి దించాను. మళ్లీ పైకి జరిపాను. మోకాలెత్తున అన్నది తప్ప నాకు గుర్తు లేదు. ఆమె నా వేలినే చూస్తోంది.

ఎక్కడో ఒకచోట గీశాను. ఆమె దండం పెట్టి ఇంటికి వెళ్లింది.