కృపానందం గారికి దక్కని చోటు

ఎలీసమ్మ టీచరు గారు చర్చికి వెళ్లి మూడేళ్లయింది. దేవుడి మీద కోపం లేదు. కోపమంతా సంఘ పెద్ద శామ్యూల్ మీదే. దాన్ని ఆవిడ దాచుకోనూ లేదు, తగ్గించుకోనూ లేదు.

ఆవిడ భర్త కృపానందం గారు రాజోలులో ఫిజిక్స్ లెక్చరర్. బీపీ వచ్చిన దగ్గర్నుంచీ పొద్దున్నే పెరట్లో చాప వేసుకుని, కళ్లు మూసుకుని, ఊపిరి మీద ధ్యాస పెట్టి కూర్చునేవారు. పీల్చేటప్పుడు "ప్రభువా" అనీ, వదిలేటప్పుడు "కనికరించు" అనీ మనసులో అనుకునేవారు. ముందొకసారీ తర్వాతొకసారీ నాడి చూసుకుని, తగ్గిందని భార్యకి చూపించేవారు.

"ఋషులు చెప్పేరు, సైన్సు ఒప్పుకుంది, ప్రభువు వద్దనలేదు. ఇంక ఎవరి పర్మిషన్ కావాలే?" అని నవ్వేవారు.

శామ్యూల్ పర్మిషన్ కావాలని ఆయన పోయాక తెలిసింది. యోగా చేసినవాడు అన్యుడే, సంఘం సమాధుల తోటలో చోటివ్వం అని, శవం ఇంకా వాకిట్లో ఉండగానే తేల్చేశాడు. పాస్టరు గారు తలొంచుకున్నారు. కృపానందం గారిని సొంత కొబ్బరితోటలో, పంటబోదె కాలవ గట్టున పూడ్చారు. సమాధుల పండక్కి ఊరంతా కలిసి సున్నాలు వేసి కొవ్వొత్తులు వెలిగిస్తుంటే, ఎలీసమ్మ గారు ఒక్కరే కొబ్బరితోటలోకి వెళ్లేవారు.

ఈ వేసవిలో శామ్యూల్‌కి గుండె ఆపరేషన్ అయింది. ఆ తర్వాత ఉన్నట్టుండి ఊపిరాడనట్టయి గాభరా పడిపోయేవాడు. గుండెకేం ఢోకా లేదు, ఊపిరి సాధన చెయ్యమని అమలాపురం డాక్టరు చెప్పాడు. నేర్పేవాళ్ల కోసం వాకబు చేస్తే అందరూ ఎలీసమ్మ గారి ఇల్లే చూపించారు. భర్త పద్ధతిని ఆవిడ అడిగినవాళ్లకల్లా ఊరికే నేర్పుతున్నారు.

శామ్యూల్‌ని అతని కూతురు జెస్సీ స్కూటీ మీద తీసుకొచ్చింది.

"ఆంటీ, పాతవేమీ మనసులో పెట్టుకోకండి."

"పెట్టుకున్నానమ్మా. అయినా నేర్పుతాను. తోటలోకి తీసుకురా."

సమాధి పక్కనే చాప వేశారు.

"ఇక్కడేనాండీ?" అన్నాడు శామ్యూల్.

"ఆయ్. గాలి బాగుంటుందండి. పాఠం కనిపెట్టినాయన కూడా పక్కనే ఉంటారు."

నెల తిరిగేసరికి అతనికి నిద్ర పట్టింది, ఆయాసం లేకుండా మెట్లెక్కాడు.

"మీ రుణం ఎలా తీర్చుకోవాలి టీచరు గారూ?"

"ఆదివారం సంఘంలో నిలబడి, మా ఆయన విషయంలో తప్పు చేశానని చెప్పండి. చాలు."

"ఆయ్" అన్నాడు.

ఆదివారం ఎలీసమ్మ గారు తెల్లచీర కట్టుకుని వెళ్లి చివరి వరసలో కూర్చున్నారు. దేవుడు చేసిన మేలు చెప్పుకునే సాక్ష్యాల సమయంలో శామ్యూల్ మైకు అందుకున్నాడు.

"దేవుడు డాక్టరు గారి ద్వారా నన్ను స్వస్థపరిచేడు. రోజూ బ్రీతింగ్ ఎక్సర్‌సైజ్ చేస్తున్నాను. ఇది ఇంగ్లీషు వైద్యం, యోగా కాదు."

అందరూ హల్లెలూయా అన్నారు. ఎలీసమ్మ గారు లేచారు.

"శామ్యూల్ గారూ, మీది ఎక్సర్‌సైజ్ అయితే మా ఆయనది ఏంటండీ? అదే ఊపిరి కదా! మీరు చేస్తే స్వస్థతా, ఆయన చేస్తే పాపమూనా?"

శామ్యూల్ నోరు తెరిచాడు. గాభరా మొదలైంది. ఎగశ్వాస మైకులోంచి హాలంతా వినపడుతోంది. రోజూ నెమ్మది చేసే గొంతు కోసం ఆవిడ వైపే చూశాడు.

"ఆంటీ, ఏదో ఒకటి చెప్పండి!" జెస్సీ ఏడుస్తోంది.

గుండెకి ఢోకా లేదన్న సంగతి ఆవిడకి తెలుసు. "ముందు ఆయన్ని చెప్పనీ" అని చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"తప్పు... నాదే" అన్నాడు శామ్యూల్. "కృపానందం గారు... పాపం చెయ్యలేదు. చోటివ్వనిది నేనే."

"ఇప్పుడు మెల్లిగా వదలండి" అన్నారు ఎలీసమ్మ గారు.

ఆరాధన అయ్యాక పాస్టరు గారు గుమ్మం దగ్గర ఎదురొచ్చారు. "అమ్మా, అయ్యగారిని మన తోటలోకి మార్చుకుందాం. ముందు వరసలో చోటుంది."

"ఆయన్ని కదపనండి. ఆ చోటు శామ్యూల్ గారికి అట్టేపెట్టండి."

శామ్యూల్‌కి వినపడాలనే ఆ మాట గట్టిగా అన్నారు.