బెండు లేని గాలం

వెర్నా అత్తకు కళ్ల మధ్యలో మసక కమ్మి రెండేళ్లయింది. ఎదుటి మనిషి చెవులు కనబడతాయి, ముఖం కనబడదు. నీళ్ల మీద తేలే గాలం బెండు అసలే కనబడదు. ఇక పడవ ఎందుకు, అమ్మేస్తానన్నాడు కొడుకు డెల్మర్. చెడ్డవాడు కాదు, తొందరెక్కువ. కెంటకీలో మా సరస్సు మీద నలభై ఏళ్లు క్రాపీ చేపలు పట్టిన మనిషిని వరండా కుర్చీకి అతికించేద్దామనుకున్నాడు.

అత్త ఏడవలేదు. శనివారం ఇద్దరం గాలాలు వేద్దాం, మధ్యాహ్నానికి నాకు తక్కువ పడితే అమ్ముకో అంది. పడవ నేను నడిపాను.

చోటు ఆమెదే. ఎప్పుడో సిమెంటు దిమ్మలు కట్టి ముంచిన చెట్టు. దాని తల ఆరు మూరల లోతులో ఉంటుంది, క్రాపీలు ఆ కొమ్మల్లో ఉంటాయి. డెల్మర్ ఎర్ర బెండు కట్టి ఎరను కొమ్మల్లోకే దించాడు. రెండు కొక్కేలు అక్కడే చిక్కుకుని తెగిపోయాయి. అత్త బెండు పీకేసి, దారానికి ఐదు మూరల దగ్గర ముడి వేసింది. ముడి వేలికి తగలగానే ఆపేసింది.

క్రాపీ పైకి చూసి తింటుంది. కింద నుంచి వచ్చి ఎరను ఎత్తుతుంది కాబట్టి దారాన్ని లాగదు, దారం వదులవుతుంది. డెల్మర్ బెండు ఎప్పుడు మునుగుతుందా అని చూస్తున్నాడు. అది పక్కకు ఒరిగి పడుకుంది.

"ఏరా, నీ బెండు నిద్రపోయిందా?" అంది అత్త. ఎలా తెలిసిందో!

అతను గట్టిగా గుంజాడు. కాగితంలాంటి పెదవి చిరిగి చేప పోయింది.

పదకొండుకు అత్తకు ఐదు, అతనికి ఆరు. మార్చి చలిగాలికి ఆమె వేళ్లు కొయ్యబారాయి. ఆ తర్వాత పావుగంటసేపు ఆమెకు ఒక్కటీ పడలేదు.

"చాలమ్మా, చలి ఎక్కువైంది. పోదాం పద."

"వేళ్లు మొద్దుబారితేనేరా నేను గుడ్డిదాన్ని. ఆ కాఫీ ఇటివ్వు."

తాగలేదు. కప్పును రెండు చేతుల్లో పట్టుకుని, వేలు వేడెక్కాక మళ్లీ దారం వదిలింది. దారం వదులవగానే మణికట్టు మెల్లగా లేచింది, చేప పైకొచ్చింది. తర్వాత మళ్లీ లేచింది. మధ్యాహ్నానికి ఆమెవి ఎనిమిది, అతనివి ఆ ఆరే.

డెల్మర్ తన బెండు విప్పి డబ్బాలో పడేశాడు.

"అమ్మా, ముడి ఎన్ని మూరల దగ్గర వేశావు?"

"ఐదు. నీ చేత్తో కాదు, నా చేత్తో."