డ్రిల్ పీరియడ్ తీసేసింది నేనే

పోయిన సోమవారం ప్రార్థన ముగిసి పిల్లలు తరగతులకు వెళ్తుండగా ఫోను వచ్చింది. మా డ్రిల్ మాస్టారు పోయారు. పెద్దపేగు కేన్సర్. యాభై రెండేళ్ల మనిషి. ఆయన గురించి రాసే అర్హత మా స్కూల్లో అందరికన్నా తక్కువున్నది నాకే. హెడ్మాస్టర్ని కాబట్టి నన్నే రాయమన్నారు.

జలంత్రకోట నుంచి జీడితోటల మధ్యగా సైకిల్ మీద వచ్చేవారు. టిఫిన్ కూడా నిలబడే తినేవారు. మైదానంలో సున్నం గీతలు తనే గీసుకునేవారు. పరుగుకు బద్ధకించే పిల్లల్ని ఆయన కొట్టగా నేను చూడలేదు. “బల్లినాగ బెంచీకి అతుక్కుపోతారేట్రా, లెగండి” అనేవారు. నవ్వుకుంటూ లేచేవారు వాళ్లు.

ఆరేళ్ల కిందట ఆన్‌లైన్ పని ఎక్కువైంది. హాజరు, భోజనం ఫోటోలు, అన్నీ రోజూ పంపాలి. ఆయనకు టైపింగ్ వచ్చని తెలిసి ఆఫీసు గదిలో కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాను. ఒక్క నెలే అన్నాను. డ్రిల్ పీరియడ్లు లెక్కలకూ సైన్సుకూ పంచేశాను. పదో తరగతి ఫలితాలు బాగుపడ్డాయి, నన్ను మెచ్చుకున్నారు. ఆ నెల ఆరేళ్లయింది.

మొదట్లో గంట కొట్టినప్పుడల్లా లేచి వరండా చివరిదాకా నడిచి వచ్చేవారు. ఒకరోజు పైఅధికారి వచ్చేసరికి కుర్చీ ఖాళీగా ఉంది. అందరి ముందూ, “కుర్చీలో కూర్చోవడం కూడా ఉద్యోగమే మాస్టారూ” అన్నాను. ఆ తర్వాత ఆయన లేవడం మానేశారు. సైకిల్ పోయి స్కూటర్ వచ్చింది. పొట్ట వచ్చింది. దాని మీద నేను జోకు కూడా వేశాను.

విశాఖ ఆసుపత్రికి చూడటానికి వెళ్లినప్పుడు డాక్టర్ని అడిగాను. ఫలానా మనిషికి ఎందుకొచ్చిందో ఎవరూ చెప్పలేరన్నారు. ఏళ్ల తరబడి గంటలకొద్దీ కూర్చునేవాళ్లకు ఈ కేన్సర్ ముప్పు కొంత పెరుగుతుందనీ, కదులుతూ ఉండేవాళ్లకు తగ్గుతుందనీ మాత్రం చెప్పారు. ఆ మొదటి మాట పట్టుకుని ఊరట పొందాలని చూశాను. నా వల్ల కాలేదు.

మంచం పక్కన నిలబడ్డాను గానీ క్షమించమనడానికి నోరు రాలేదు. ఆయనే నా చెయ్యి పట్టుకున్నారు.

“నాకెందుకొచ్చినాదో ఆ దేవుడికే తెలాలి సార్. పిల్లల పీరియడ్ పిల్లలకి ఇచ్చీండి.”

సరేనన్నాను. తిరిగొచ్చాక పరీక్షలు దగ్గరపడ్డాయి. ఇవ్వలేదు.

ఆయన పోయిన మూడో రోజున ఇచ్చాను. తొమ్మిదో తరగతిని నేనే మైదానానికి తీసుకెళ్లాను. వరసగా నిలబడ్డారు. “ఏటి సెయ్యాలి సార్?” అందొక పిల్ల. నాకు తెలియలేదు. పరిగెత్తమన్నాను. గోడ దాకా పరిగెత్తి, అక్కడ ఆగి, ఇంకా పరిగెత్తాలా అన్నట్టు అందరూ నా వైపు తిరిగి చూశారు.